రుఖ్ఖా మీది గుల్‌దాన్

మన ఇళ్లలో 'దాన్' లేని అల్మారా ఉండదు. పాన్‌దాన్, సుర్మాదాన్, అత్తర్‌దాన్, ఊద్‌దాన్, షమాదాన్. నానా కాలంలో అయితే మంచం కింద ఉగాల్‌దాన్, కాతిబ్ గారి ఒళ్లో ఖలందాన్. ఫార్సీలో 'దాన్' అంటే పట్టి ఉంచేది, దాచి ఉంచేది. సుర్మా పెట్టుకుంటే సుర్మాదాన్, ఖలం పెట్టుకుంటే ఖలందాన్, పూలు పెట్టుకుంటే గుల్‌దాన్. తెలుగులో పూలజాడీ అంటాం, పూలకుండీ అంటాం. కానీ దక్కనీ మాట్లాడే ఇళ్లలో ఆ మాట ఇప్పటికీ గుల్‌దానే.

విచిత్రం ఏమిటంటే, మా కలకడ వైపు నిజమైన గుల్‌దాన్ ఉన్న ఇల్లు వెతకాలి. రాయచోటి నుంచి పీలేరు వెళ్లే దారి పొడవునా ఏ సాయిబు ఇంట్లో చూసినా టీవీ పక్కన ప్లాస్టిక్ గులాబీలు గుచ్చిన ఒక గాజు సీసా ఉంటే ఎక్కువ. మనకి పూలు జాడీలో పెట్టే అలవాటు తక్కువ. పూలు మల్లెచెండుగా జడలోకి పోతాయి, సెహ్రాగా దూల్హా ముఖం మీదికి పోతాయి, చాదర్‌గా దర్గా మజార్ మీదికి పోతాయి. జాడీలో నిలబడేంత తీరిక వాటికెక్కడిది?

కానీ గీసిన గుల్‌దాన్ మాత్రం లేని చోటు లేదు. జానమాజ్ మీద మెహ్రాబ్‌కి రెండు పక్కలా చూడండి. దస్తర్‌ఖాన్ అంచు చూడండి. మస్జిద్ తలుపు చెక్కడం చూడండి. మస్జిద్ పైన గోడ మూలల్లో సిమెంటుతో పోసిన చిన్న చిన్న మొగ్గల స్తంభాలని కట్టడం తెలిసిన ఉస్తాద్‌లు గుల్‌దస్తాలనే అంటారు. అన్నిటికన్నా ఎక్కువగా శాదీ రుఖ్ఖా మీద. పైన బిస్మిల్లా లేదా 786, దానికి అటొకటి ఇటొకటి గుల్‌దాన్, కింద దూల్హా దుల్హన్ పేర్లు, నిఖా టైము, వలీమా టైము. మీ ఇంట్లో అమ్మీ శాదీ నాటి రుఖ్ఖా ట్రంకుపెట్టెలో దాగి ఉంటే ఒకసారి తీసి చూడండి. గుల్‌దాన్ ఉంటుంది.

ఈ గీసిన గుల్‌దాన్‌కి ఒక తారీఖ్ ఉంది. అది రాయాలనిపించడానికి కారణం ఒక తగాదా.

షాబాన్ నెల. రంజాన్ వచ్చేలోగా నిఖాలు చేసేయాలని అందరికీ తొందర. మదనపల్లె డీటీపీ గదుల్లో తెల్లారేదాకా లైటు ఆరదు. అలాంటి రోజుల్లో మా వైపు ఒక తండ్రి, కూతురి రుఖ్ఖాలు అచ్చయి వచ్చాక కట్టలు విప్పి చూసి, మొత్తం తిప్పి పంపేశాడు. "ఇది గుల్‌దాన్ కాదు, కలశం. మా ఇంటి పెళ్లికి కలశం వేస్తారా?" అన్నది ఆయన మాట. డీటీపీ కుర్రాడు హిందువు, మంచివాడు, ఉన్నమాట ఒప్పుకున్నాడు. కంప్యూటర్‌లో రెడీగా ఉన్న కలశం బొమ్మ తీసుకుని, కొబ్బరికాయ తీసేసి, మామిడాకులు తీసేసి, గులాబీలు పెట్టాడు. కుండ మాత్రం అదే కుండ. "భాయ్, రెంటికీ గీత ఒకటే కదా" అన్నాడు నాతో. కొత్త రుఖ్ఖాలు అచ్చయ్యాయి, నిఖా అయింది, ఆ డబ్బు ఇద్దరూ సగం సగం భరించారు. ఆ అమ్మాయికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ కుండ ఎవరిది?

కుండలో పూలు పెట్టి గీయడం ఈ నేల మీద చాలా పాత పని. అమరావతి స్తూపం రాతి పలకల మీద, అంటే ఇప్పటికి దాదాపు రెండువేల ఏళ్ల కిందట, బౌద్ధ శిల్పులు పూర్ణఘటాన్ని చెక్కారు. గుండ్రని పొట్ట, సన్నని మెడ, విచ్చిన అంచు, దాంట్లోంచి పొంగుతున్న తామరలు, మొగ్గలు, ఆకులు. ఆ పలకలు కొన్ని చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, కొన్ని లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అంత దూరం పోనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ రాజముద్ర మధ్యలో ఉన్నది ఆ పూర్ణఘటమే. మన పింఛను కాగితం మీద, మండలాఫీసు బోర్డు మీద రోజూ చూస్తున్నాం. చూడటం వేరు, పట్టించుకోవడం వేరు.

అమరావతి శిల్పి హిందువు కాదు, ముసల్మాన్ కాదు. బౌద్ధుడు. కాబట్టి ఆ కుండ ఎవరిదన్న తగాదాలో అసలు హక్కుదారు మూడోవాడు.

అలాగని మన గుల్‌దాన్ అమరావతి నుంచే పుట్టిందని నేను అనడం లేదు. ఈరాన్‌కి తన గుల్‌దాన్ తనకుంది. చీనా నుంచి వచ్చిన పింగాణీ జాడీలు, మట్టి సురాహీలు, గోడ గూళ్లలో వాటిని వరసగా పేర్చే చీనీఖానా రివాజు, ఇదంతా ఫార్సీ ఇళ్ల నుంచి హిందూస్తాన్‌కి వచ్చింది. ఆగ్రాలో నూర్జహాన్ తన తండ్రి ఎత్మాదుద్దౌలా కోసం 1622 నుంచి 1628 మధ్య కట్టించిన మఖ్బరా గోడల మీద ఆ జాడీలన్నీ రంగురాళ్ల పొదుగులో కనిపిస్తాయి. తాజ్‌మహల్ లోపలి గదిలో, మనిషి నడుమెత్తు దాకా ఉండే పాలరాతి పలకల మీద గుల్‌దాన్‌లు చెక్కారు. చుట్టూ అంచుకి రంగురాళ్లు, మధ్యలో గుల్‌దాన్‌కి మాత్రం రంగు లేదు. తెల్ల రాతిలో తెల్ల పూలు. దాన్ని చూసిన వాళ్లకి తెలుస్తుంది, గొప్ప నక్కాష్ ఎక్కడ ఆగాలో ఎరిగినవాడని.

షాజహాన్ కాలం స్తంభాలలో ఇంకో సంగతి ఉంది. స్తంభం అడుగున కుండ ఆకారం, దాని అంచు మీంచి కిందికి వంగిన ఆకులు. కళాచరిత్ర చదివిన వాళ్లు దాంట్లో హిందూస్తానీ పూర్ణఘటాన్ని, యూరప్ నుంచి వచ్చిన అచ్చుబొమ్మల ప్రభావాన్ని రెంటినీ చూశారు. అంటే బాద్‌షా దర్బారులోనే ఈ కుండ ఆ కుండ కలిసిపోయాయి. మూడు వందల డెబ్బై ఏళ్ల పైమాటే. మదనపల్లె డీటీపీ కుర్రాడు చేసింది కొత్త గునాహ్ ఏమీ కాదు.

మన దక్కన్‌కి వద్దాం. హైదరాబాద్ బాద్‌షాహీ అషూర్‌ఖానా గోడల మీద రంగు పలకల పని 1611లో పూర్తయింది. మహమ్మద్ కులీ కుతుబ్ షా చివరి రోజులు అవి. నీలం, పసుపు, ఆకుపచ్చ పలకలతో అలంలు, వాటి చుట్టూ బేల్-బూటా. 1908 మూసీ వరదకి ఆ గోడల కింది భాగం దెబ్బతింటే, పోయిన పలకల జాగాలో రంగులు పూసి నమూనా నింపారు. పలక ఎక్కడ ఆగిందో, రంగు ఎక్కడ మొదలయిందో దగ్గరికి పోతే కనిపిస్తుంది. అసలు నమూనా గీసిన ఉస్తాద్ చేయి పోయాక, నింపే చేయి ఎంత కష్టపడినా అంతే.

కానీ గుల్‌దాన్ అన్న వస్తువుని దక్కన్‌లో ఇంటి పేరులా మార్చింది బీదర్. అహ్మద్ షా బహమనీ తన తఖ్త్‌ని గుల్బర్గా నుంచి బీదర్‌కి మార్చాక ఈరాన్ నుంచి హునర్‌మంద్‌లు వచ్చారనీ, వాళ్ల వెంట ఈ పని వచ్చిందనీ చెబుతారు. బీదర్ ఇవాళ కర్ణాటక. కానీ 1956 దాకా అది హైదరాబాద్ రాష్ట్రంలో ఒక జిల్లా. మన జహీరాబాద్, నారాయణఖేడ్ ఆ జిల్లావే. బీద్రీ కార్ఖానాలు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి.

బీద్రీ గుల్‌దాన్ ఎలా తయారవుతుందో కాస్త నిదానంగా చెప్పాలి. ఎందుకంటే తర్వాత కంప్యూటర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఇది పనికొస్తుంది.

పదహారు వంతుల జస్త్‌కి ఒక వంతు రాగి. రెంటినీ కరిగించి, మట్టి సాంచాలో పోస్తారు. సాంచా మట్టిలో ఆముదం, గుగ్గిలం కలుపుతారు. చల్లారాక వచ్చే వస్తువు బూడిద రంగులో, గరుకుగా, చూడటానికి ఏమీ బాగుండదు. ఆకురాయితో రుద్ది నున్న చేస్తారు. తర్వాత మైలుతుత్తం నీళ్లు పూస్తారు, ఒళ్లు తాత్కాలికంగా నల్లబడుతుంది. ఈ నలుపు ఎందుకంటే, దాని మీద ఇనుప మొనతో గీస్తే తెల్ల గీత కనిపించాలి. ఉస్తాద్ ఆ నల్లటి ఒంటి మీద చేతివాటంగా నమూనా గీస్తాడు. ముందు అడ్డంగా చుట్టు గీతలు, గుల్‌దాన్‌ని మెడ, భుజం, పొట్ట, పాదం అని భాగాలు చేసేవి. ఆ తర్వాత ఒక్కో భాగంలో పూలు, తీగెలు, అష్రఫీ కీ బూటీ.

గీసిన గీత వెంట ఉలితో గాడి తీస్తారు. గాడిలో వెండి తీగ పెట్టి సుత్తితో కొడితే తార్‌కషీ. తీగ బదులు వెండి రేకు ముక్కలు పొదిగితే తెహ్‌నిషాన్. అంతా నున్న చేశాక వెండీ జస్తూ ఒకే రంగులో కలిసిపోయి, చేసిన మెహనత్ అంతా మాయమైపోయినట్టుంటుంది. అప్పుడు బీదర్ కిలా మట్టి వస్తుంది. ఎండా వానా తగలని చోటి నుంచి తీసిన పాత మట్టిని నవాసాగరంతో కలిపి, నీళ్లలో కాచి, అందులో గుల్‌దాన్‌ని ముంచుతారు. జస్త్ కాటుకలా నల్లబడుతుంది. వెండికి మాత్రం ఏమీ కాదు. నూనె రాసి తుడిస్తే నల్లటి రాత్రిలో తెల్లటి పూలు.

ఇందులో గమనించాల్సింది, గుల్‌దాన్ ఒళ్లు రెండు వైపులా ఒకేలా ఉంటుంది. అది సాంచా, ఆకురాయి పని. కానీ పూలు ఒకేలా ఉండవు. కుడి పక్క పువ్వుకి, ఎడమ పక్క పువ్వుకి వెంట్రుకవాసి తేడా. ఉస్తాద్ ప్రతి పువ్వునీ మళ్లీ గీస్తాడు గనుక.

ఇక రెండో దారి, బట్ట మీది గుల్‌దాన్. మచిలీపట్నం. కలంకారీ అన్న మాట ఖలం, కారీ అన్న రెండు ఫార్సీ మాటల కలయిక అని మన పిల్లలకి చెబితే ఆశ్చర్యపోతారు. కుతుబ్ షాహీల కాలంలో మచిలీపట్నం నుంచి ఈరాన్‌కి, అక్కడి నుంచి ఇంకా అవతలికి బట్ట పోయేది. మెహ్రాబ్ కింద గుల్‌దాన్, గుల్‌దాన్ నుంచి పైకి లేచిన పూలచెట్టు, ఇలాంటి నమూనా ఉన్న తెరలు, జానమాజ్‌లు. యూరప్ వాళ్లు 'పలంపోర్' అని మోజుపడి కొన్న దుప్పట్ల పేరు కూడా మన పలంగ్‌పోషే. చిరివేరు నుంచి ఎరుపు, ఇనుపముక్కలూ బెల్లమూ పులియబెట్టిన నీళ్ల నుంచి నలుపు, రంగు పట్టడానికి కరక్కాయ, పటిక. మా పాత చిత్తూరు జిల్లాలోదే అయిన శ్రీకాళహస్తి కలంకారీ అదే ఖలంతో రామాయణం, భారతం గీసింది. మచిలీపట్నం, పెడన అచ్చులు బేల్-బూటా వేశాయి. ఖలం ఒకటే, సియాహీ ఒకటే, బట్ట ఒకటే. కొనే గాహక్‌ని బట్టి బొమ్మ.

ఈ కోరమండల్ బట్టల పని ఎలా జరిగేదో 1742లో ఒక ఫ్రెంచి పాదిరీ ఉత్తరంలో వివరంగా రాశాడు. పేరు కేర్దూ. తెలుగు నేర్చుకుని, తెలుగు-సంస్కృతం-ఫ్రెంచి నిఘంటువు తయారుచేసినవాడు కూడా ఆయనే. నమూనాని ముందు కాగితం మీద గీసి, గీతల వెంట సూదితో పొడిచి, కాగితాన్ని బట్ట మీద పరిచి బొగ్గుపొడి రుద్దేవారని అందులో ఉంది. పొడి ఆ సూది రంధ్రాల గుండా దిగి, బట్ట మీద చుక్కల వరసగా బొమ్మ పడుతుంది. చుక్కల్ని కలుపుతూ ఖలంతో గీస్తే సరి.

ఉర్దూలో బొమ్మ రూపురేఖని 'ఖాకా' అంటాం. వార్తల భాషలో ప్రణాళికని కూడా ఖాకా అనే రాస్తాం. ఆ మాట 'ఖాక్' నుంచి వచ్చింది. ఖాక్ అంటే ధూళి. సూది రంధ్రాల్లోంచి రాలిన ఆ పొడే ఖాకా. నేను ఉర్దూ మీడియంలో చదువుకునేటప్పుడు ఈ మాట ఎన్నిసార్లు రాశానో, ఒక్క మాస్టర్ సాబ్ కూడా ఈ సంగతి చెప్పలేదు.

ఈ చుక్కల సంగతే కంప్యూటర్ దాకా వచ్చింది.

కంప్యూటర్‌లో బొమ్మ రెండు రకాలు. ఫోటో అంటే సన్నటి రంగు గళ్ల కుప్ప. దాన్ని లాగి పెద్దది చేస్తే గళ్లు బయటపడి పలుగురాళ్లలా కనిపిస్తాయి. రెండోది వెక్టర్. అందులో రంగు గళ్లు ఉండవు. ఇక్కడ ఒక చుక్క, అక్కడ ఒక చుక్క, మధ్య గీత ఇంత వంపు తిరగాలి అన్న లెక్క మాత్రమే ఉంటుంది. దాన్ని రుఖ్ఖా మీద అంగుళం సైజులో వేసినా, షాదీఖానా ముందు ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీద వేసినా అంచు చెదరదు. చూసే ప్రతిసారీ కంప్యూటర్ ఆ గీతని కొత్తగా గీస్తుంది.

ఆ వంపు లెక్క పుట్టింది ఫ్రాన్స్‌లో, కార్ల ఫ్యాక్టరీల్లో. సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్టెల్జో 1959లోనే కనుక్కున్నాడు, కంపెనీ దాన్ని బయటికి పొక్కనివ్వలేదు. రెనో కంపెనీలో పియెర్ బెజియే 1960లలో విడిగా అదే పని చేసి బయటపెట్టాడు. అందుకే పేరు బెజియే వంపు అయింది. కారు బానెట్టు వంపుని పనివాళ్లందరికీ ఒకేలా అందేట్టు ఎలా చెప్పాలి అన్నది వాళ్ల బాధ. వాళ్ల జవాబు: గీతకి రెండు చివర్లలో రెండు చుక్కలు పెట్టు, ఒక్కో చుక్కకి ఒక్కో చెవి తగిలించు. చెవి పట్టుకుని ఎటు లాగితే గీత అటు వంగుతుంది. ఎంత దూరం లాగితే అంత పొట్ట. తర్వాత ఈ వంపునే అడోబీ పోస్ట్‌స్క్రిప్ట్‌లో పెట్టుకుంది. 1987లో ఇలస్ట్రేటర్ వచ్చింది, 1989లో కోరల్‌డ్రా వచ్చింది. మన ఊళ్ల డీటీపీ గదులన్నీ కోరల్‌డ్రా మీదే బతికాయి, ఇప్పటికీ బతుకుతున్నాయి.

దాంట్లో గుల్‌దాన్ గీయడం ఎలాగో చెబుతాను. మన పిల్లలు చాలామంది ఆ కుర్చీల్లోనే కూర్చుని ఉన్నారు. తక్కినవాళ్లు ఒక పేరా దాటేసి చదువుకోవచ్చు.

ముందు నిలువుగా ఒక గైడు గీత దించండి. అది గుల్‌దాన్ వెన్నెముక. గీతకి కుడి వైపు సగం గుల్‌దాన్ మాత్రమే గీయాలి. అంచు దగ్గర ఒక చుక్క, మెడ సన్నబడే చోట ఒకటి, భుజం దగ్గర ఒకటి, పొట్ట అన్నిటికన్నా బయటికి వచ్చే చోట ఒకటి, నడుము దగ్గర ఒకటి, పాదానికి రెండు. ఏడు చుక్కలు చాలు. ఎఫ్10 నొక్కితే షేప్ టూల్ వస్తుంది, దాంతో చెవులు పట్టుకుని వంపులు సరిచేయండి. పొట్ట దగ్గరి చుక్కకి చెవులు రెండూ నిటారుగా ఒకే గీతలో ఉండాలి, లేకపోతే అక్కడ మొటిమ లేస్తుంది. తర్వాత ఆ సగాన్ని అద్దం వేసినట్టు ఎడమకి తిప్పి కాపీ చేసి, రెండు సగాల్నీ వెల్డ్ చేయండి. బీదర్‌లో సాంచా, ఆకురాయి చేసిన పని అయిపోయింది. ఇప్పుడు అడ్డంగా చుట్టు గీతలు, భాగాలు. ఆ తర్వాత పూలు. ఇక్కడే అందరూ తొందరపడతారు. పూల గుత్తిని కూడా సగం గీసి అద్దం వేసేస్తారు. ఒళ్లుకి అద్దం వేయండి, పూలకి మాత్రం వేయకండి. అచ్చం ఒకేలా ఉన్న రెండు పూలు అల్లాహ్ ఎక్కడా పుట్టించలేదు, బీదర్ ఉస్తాద్ కూడా గీయలేదు. చివరగా, ఇంటర్నెట్ బొమ్మని ఆటో ట్రేస్ కొట్టకండి. ఏడు చుక్కలతో పోయేదానికి అది ఏడు వందలు పెడుతుంది. రుఖ్ఖాకి గోల్డ్ ఫాయిల్ బ్లాకు చేసేవాడు ఆ ఫైలు చూసి తల పట్టుకుంటాడు. సన్న గీతలన్నీ బ్లాకులో తినేసుకుపోతాయి.

ఇప్పుడు రుఖ్ఖాలో గుల్‌దాన్ పక్కనున్న అక్షరాల సంగతి. నాకు అసలు నొప్పి ఇక్కడ.

కంప్యూటర్‌కి ముందు రుఖ్ఖా కాతిబ్ చేతిలో పుట్టేది. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో వరసగా కాతిబ్‌ల గద్దెలు, పక్కనే అచ్చు మిషన్లు. ఉర్దూ నస్తాలీఖ్ సీసం అచ్చు అక్షరాలకి లొంగలేదు. అందుకని రాతి అచ్చు, అంటే లిథో, మన దగ్గర అంత కాలం బతికింది. కాతిబ్ రాసిందే అచ్చయ్యేది. అక్షరం గీసిన ఖలమే అంచుకి గుల్‌దాన్ కూడా గీసేది. నస్తాలీఖ్‌లో ప్రతి అక్షరానికీ నుఖ్తాతో కొలత. అలిఫ్ మూడు నుఖ్తాల ఎత్తు. 'నూన్' అక్షరం పొట్టని దాయిరా అంటారు. దాయిరా నిండుగా తిప్పగల చేతికి గుల్‌దాన్ పొట్ట ఒక లెక్క కాదు. చెన్నైలో 1927లో మొదలైన 'ముసల్మాన్' పత్రికని కాతిబ్‌లు చేత్తో రాస్తూనే వచ్చారంటే, అది ఆ హునర్ మీద మొహబ్బతే.

1981లో పాకిస్తాన్‌లో మిర్జా అహ్మద్ జమీల్ ఉర్దూ అక్షరాల గుత్తులు దాదాపు 20,000 రాసి, మోనోటైప్ కంపెనీతో కలిసి కంప్యూటర్‌కి ఎక్కించాడు. నూరీ నస్తాలీఖ్ అని పేరు. 1994లో ఢిల్లీలో తయారైన ఇన్‌పేజ్ అదే ముఖాన్ని మామూలు కంప్యూటర్‌కి తెచ్చింది. కాతిబ్‌లు ఒక్కొక్కరే గద్దె దిగారు. కొందరు ఇన్‌పేజ్ నేర్చుకున్నారు. ఎక్కువమంది కళ్లజోడు తీసి ఇంటికి పోయారు.

పోయిందేదో పోయింది, కనీసం భాష నిలిచిందా? కోరల్‌డ్రాలో చాలా కాలం నస్తాలీఖ్ సరిగా పలికేది కాదు. అందుకని ఉర్దూని ఇన్‌పేజ్‌లో కొట్టి, వంపులుగా మార్చి తెచ్చి కోరల్‌డ్రాలో అతికిస్తారు. తెలుగు పక్కేమో అను ఫాంట్లు. అవి యూనికోడ్ కాదు, పక్క కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోతే పిచ్చిగీతలు. అందుకని ప్రెస్సుకి పంపేముందు ఆపరేటర్ మొత్తం సెలెక్ట్ చేసి కంట్రోల్ క్యూ కొడతాడు. దాంతో అక్షరాలన్నీ కర్వ్స్ అయిపోతాయి. ఆ క్షణం నుంచి దూల్హా పేరు పేరు కాదు, చుక్కలూ వంపులూ. బిస్మిల్లా, గుల్‌దాన్, పెళ్లికూతురు తండ్రి పేరు, వలీమా టైము, అన్నీ కంప్యూటర్‌కి ఒకే జాతి. చదవలేదు, వెతకలేదు, సరిచేయలేదు.

దీనివల్ల జరిగిన నష్టం నేను కళ్లారా చూశాను. ఉర్దూ రాని ఆపరేటర్, ఉర్దూ రాని గాహక్. పాత ఫైలులోంచి ఉర్దూ ముక్కని బొమ్మలా కోసి కొత్త రుఖ్ఖాలో పెడతారు, తెలుగు పక్క పేర్లు మారుస్తారు. ఉర్దూ పక్క ఇంకెవరిదో నిఖా. ఒక రుఖ్ఖాలో ఉర్దూ వరసని అద్దం వేసి తిప్పేశారు, గుల్‌దాన్‌ని తిప్పినట్టే. ఇంటిల్లిపాదిలో దాదీ ఒక్కతే పట్టుకుంది. 2022లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసి ఉర్దూని రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష చేసింది. మంచిదే. కానీ మన ఇంటి రుఖ్ఖా మీదే ఉర్దూ పూలతీగె అయిపోయి కూర్చుంటే చట్టం ఎవరి కోసం?

దారి లేకపోలేదు. 2003లో మొదలైన ఇంక్‌స్కేప్ అనే వెక్టర్ సాఫ్ట్‌వేర్ పైసా ఖర్చు లేనిది. అందులో యూనికోడ్ తెలుగు, యూనికోడ్ నస్తాలీఖ్ రెండూ ఒకే కాగితం మీద అక్షరాలుగానే నిలుస్తాయి. జమీల్ నూరీ నస్తాలీఖ్, నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. దాని ఫైలు రకం ఎస్‌వీజీ, 2001లో ప్రపంచానికంతా ఒక ప్రమాణంగా ఖరారైంది. ప్రెస్సుకి కర్వ్స్ చేసిన కాపీ పంపండి, తప్పదు. కానీ అసలు ఫైలు అక్షరాలతోనే దాచుకోండి. తర్వాతి తమ్ముడి నిఖాకి పేరు మార్చాలంటే పేరు మార్చవచ్చు, ఎవరో చదవగలరు, ఎవరో వెతకగలరు.

ఇంకొక సంగతి, రోజీకి సంబంధించింది. ఈ వెక్టర్ గుల్‌దాన్ ఇప్పుడు రుఖ్ఖా దాటి పోయింది. మస్జిద్‌లలో మెహ్రాబ్ పక్కన, ఆడవాళ్ల నమాజ్ గదికి అడ్డంగా, కొత్త ఇళ్ల హాల్లో పెడుతున్న జాలీలు సీఎన్‌సీ మిషను కోసేవే. ఆ మిషనుకి ఫోటో ఇస్తే అర్థం కాదు, వెక్టర్ గీత కావాలి. మిషను ముక్కు ఆ గీత వెంటే నడుస్తుంది, ఉస్తాద్ ఉలి నడిచినట్టే. లేజర్ అంతే, స్టిక్కరు కోసే ప్లాటర్ అంతే. జాలీకి గీసేటప్పుడు ఒక్క జాగ్రత్త వేరే. ప్రతి పువ్వూ పక్క రేకుకో తీగెకో ఎక్కడో ఒక చోట అంటుకుని ఉండాలి. లేకపోతే కోయగానే ఊడి కింద పడుతుంది. కలంకారీలో లేని బాధ ఇది, పాత రాతి జాలీ చెక్కేవాళ్లకి బాగా తెలిసిన బాధ.

మదనపల్లెలోనూ పీలేరులోనూ ఆ నమూనాలు ఎక్కడినుంచి వస్తున్నాయని అడిగితే, ఇంటర్నెట్ నుంచి అంటారు. తుర్కీ గుల్‌దాన్, అరబ్బు తీగె, ఎవడో గీసిన మొఘలాయీ ముక్క. దక్కన్‌ది ఒక్కటీ లేదు. పక్కనే గుర్రంకొండ ఉంది. కడప నవాబులు ఏలిన కోట, తర్వాత హైదర్ అలీ, టీపూ చేతికి వచ్చిన కోట. కొండ కింద మహల్ మెహ్రాబ్‌లు నిలిచే ఉన్నాయి. హైదర్ అలీ బంధువు మీర్ రజా అలీ ఖాన్ పేరుతో చెప్పుకునే మఖ్బరా ఉంది. మా వాళ్లు సెలవు రోజు అక్కడికి పోయి సెల్ఫీలు దిగి వస్తారు.

పోయిన ఏడాది నాకు తెలిసిన ఒక డీటీపీ అబ్బాయికి, మనవాడే, కలకడవాడే, ఒక పని చెప్పాను. మహల్ మెహ్రాబ్‌కి ఎదురుగా నిలబడి, ఫోన్ నిటారుగా పట్టుకుని ఒక ఫోటో తీయమన్నాను. మా చుట్టాలింట్లో ఉన్న బీద్రీ గుల్‌దాన్‌ది ఇంకొకటి. వాటిని తెర మీద అడుగున పరిచి, పైన చుక్కలు పెట్టుకుంటూ పోయాడు. మెహ్రాబ్ సగానికి అయిదు చుక్కలు పట్టాయి. గుల్‌దాన్‌కి ఏడు. పూలు గీయడానికి మాత్రం నాలుగు రాత్రులు. మూడో రాత్రి ఫోన్ చేసి, "చాచా, కుడివైపు పువ్వు ఎడమవైపు పువ్వులా లేదు, తప్పు ఫోటోదా ఉస్తాద్‌దా?" అని అడిగాడు. ఉస్తాద్‌దే, అలాగే గీయమన్నాను.

ఆ మెహ్రాబ్ కింద ఆ గుల్‌దాన్ పెట్టిన రుఖ్ఖా నమూనా ఇప్పుడు వాడి కంప్యూటర్‌లో ఉంది. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఉర్దూ, రెండూ అక్షరాలుగానే. ఈ షాబాన్‌లో మూడు ఇళ్ల వాళ్లు తీసుకున్నారు. అందులో ఒకరు రెడ్డిగారు, కొడుకు పెళ్లికి. గులాబీలు తీసేసి మామిడాకులు, కొబ్బరికాయ పెట్టించుకున్నారు.